పొడిబారిన చర్మంతో గోక్కునే కుక్కకు ఇంట్లో ఏది వాడాలి: ఓట్స్, కలబంద, కొబ్బరినూనె, వెనిగర్, చేపనూనెల పోలిక

కుక్క ఆగకుండా గోక్కుంటూ ఉంటే మన చెయ్యి ముందుగా నూనె సీసా మీదికే పోతుంది. చర్మం పొడిబారితే నూనె రాసుకోవాలని మన ఒంటి అనుభవం చెబుతుంది కాబట్టి అది సహజమే. అయితే కుక్క విషయంలో ఈ అనుభవం మూడు చోట్ల పనికిరాకుండా పోతుంది. దాని చర్మం దట్టమైన బొచ్చు కింద ఉంటుంది కనుక రాసిన నూనెలో ఎక్కువ భాగం చర్మం దాకా వెళ్లక వెంట్రుకలకే అంటుకుంటుంది. ఒంటికి ఏది రాసినా అది నాకేస్తుంది కనుక పైపూత అనుకుని వాడినది కాసేపటికి కడుపులోకి చేరుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పొడితనం వల్ల గోక్కునే కుక్కలకన్నా, పొడితనంలా కనిపించే మరో బాధ వల్ల గోక్కునే కుక్కలే ఎక్కువ. అందువల్ల ఏ పదార్థం గొప్పది అని కాకుండా, ఏ చర్మానికి ఏది, ఎంతసేపు, కుక్క నాకితే ఏమవుతుంది అనే ప్రశ్నలతో ఇంటి మందులను పోల్చి చూడటమే మేలు.

పోలికకు ముందు ఆ చర్మం గురించి రెండు మాటలు చెప్పాలి. మనిషి చర్మపు పై పొరలో కణాల వరసలు 10 నుంచి 15 వరకు ఉంటే, కుక్కకు బొచ్చున్న చోట 3 నుంచి 5 వరకే ఉంటాయి. మన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో, 5.5 పిహెచ్ దగ్గర ఉంటుంది. కుక్క చర్మం చాలావరకు తటస్థ స్థాయికి దగ్గరగా ఉంటుంది. మన షాంపూ, మన సబ్బు దానికి పడకపోవడానికి ఇదొక కారణం. ఆ పై పొర పూర్తిగా మారి కొత్తది రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. కాబట్టి దురద ఒక్క రోజులో తగ్గవచ్చు గానీ పొట్టు రాలడం ఒక్క రోజులో ఆగదు. రెండు రోజులకొక మందు మారుస్తూ పోయేవారికి ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

ముందు చర్మాన్ని చదవాలి

మంచి వెలుతురులో పది నిమిషాలు కూర్చుని, బొచ్చును పాయలుగా విడదీసి చూడాలి. వీపు పొడవునా సన్నని తెల్లని పొట్టు రాలుతూ, దాని కింద చర్మం ఎర్రదనం గానీ వాసన గానీ లేకుండా లేత రంగులో ఉంటే అది నిజమైన పొడితనం. పొడిగాలి, తరచుగా చేయించే స్నానాలు, ఘాటైన షాంపూ, ఆహారంలో మంచి కొవ్వు తక్కువ కావడం దీనికి సాధారణ కారణాలు. ఈ రకానికి ఇంటి వైద్యం నిజంగా ఫలిస్తుంది.

గోకుడంతా తోక మొదట్లోనూ నడుము మీదా ఉంటే ముందుగా ఫ్లీలను, అంటే ఎగిరి దూకుతూ రక్తం పీల్చే చిన్న పురుగులను అనుమానించాలి. సన్న పళ్ల దువ్వెనతో దువ్వినప్పుడు రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేస్తే వాటి చుట్టూ ఎర్రమట్టి రంగు వ్యాపిస్తుంది. అది ఆ పురుగులు విసర్జించిన రక్తం. వీటి లాలాజలం పడని కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. కాబట్టి పురుగు కనిపించలేదు కనుక పురుగు లేదనుకోవడం పొరపాటు. పాదాలు నాకడం, చంకలు, పొట్ట, చెవులు ఎర్రబడటం ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య వయసులో మొదలైతే అలర్జీ వైపు చూడాలి. చెవి అంచుల మీద, ముందుకాళ్ల మోచేతుల మీద పొక్కులు కట్టి, చెవి అంచును వేళ్ల మధ్య రుద్దగానే వెనక కాలు గాలిలో గోకుతున్నట్టు కదిలితే గజ్జి కావచ్చు. అది ఇంట్లోవారి చేతుల మీద కూడా దురద దద్దులు తెప్పించగలదు. ఇక చర్మం జిడ్డుగా, నల్లబడి మందంగా మారి, ముక్కిపోయిన వాసన వేస్తుంటే అక్కడ మలాసీజియా అనే ఈస్ట్ పెరిగి ఉండవచ్చు. ఈ ఆఖరి రకంలో కూడా పొట్టు రాలుతుంది. దాన్ని చూసి పొడితనమని నూనె రాయడమే నేను ఎక్కువగా గమనించిన తప్పు.

ఓట్స్ స్నానం

నిజమైన పొడితనానికీ, ఎర్రబడిన అలర్జీ చర్మానికి తాత్కాలిక ఉపశమనానికీ రెండింటికీ పనికివచ్చే ఇంటి మందు ఒక్కటే చెప్పమంటే నేను సందేహించకుండా ఓట్స్ పేరే చెబుతాను. ఓట్స్‌లో అవెనాంత్రమైడ్లు అనే పదార్థాలు వాపును, దురదను తగ్గిస్తాయి. బీటా గ్లూకాన్, పిండిపదార్థాలు నీటిని పట్టి ఉంచే పలుచని పొరగా చర్మం మీద నిలుస్తాయి. మనుషుల చర్మ రక్షణకు మెత్తని ఓట్స్ పొడిని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2003లో అధికారికంగా గుర్తించింది. ఇంటి మందుల్లో ఇలాంటి గుర్తింపు ఉన్నవి అరుదు. పైగా కుక్క కాస్త నాకినా ప్రమాదం లేదు. ఈ ఒక్క గుణం వల్లే ఇది మిగిలినవాటికన్నా ముందు నిలుస్తుంది.

ఏ ఓట్స్ వాడాలి, ఎలా వాడాలి అన్నదానిలోనే ఫలితమంతా ఉంది. చక్కెర, ఉప్పు, పండ్ల ముక్కలు, రుచులు కలపని సాదా ఓట్స్ మాత్రమే తీసుకోవాలి. రుచులు కలిపిన పొట్లాల్లో ఉండే ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, జైలిటాల్ అనే తీపి పదార్థం రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడేస్తుంది. ఓట్స్‌ను మిక్సీలో పిండికన్నా మెత్తగా పట్టాలి. ఒక చెంచా పొడిని గ్లాసు నీటిలో కలిపినప్పుడు నీరు పాలలా మారి, అడుగున వెంటనే పేరుకోకుండా ఉంటే సరిపడా మెత్తగా ఉన్నట్టు. అడుగున రవ్వలా దిగిపోతే మళ్లీ తిప్పాలి. గోరువెచ్చని నీటిలో, ఇంకా చెప్పాలంటే చేతికి చల్లగా తోచే నీటిలో దీన్ని కలపాలి. మధ్యస్థంగా ఉండే కుక్కకు ఒక కప్పు పొడి చాలు. వేడినీరు హాయిగా ఉంటుందని మనకు అనిపించినా, అది చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి దురదను పెంచుతుంది. కప్పుతో పోస్తూ, చర్మం దాకా చేరేలా వేళ్లతో మెల్లగా అద్దుతూ 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. తరువాత మామూలు నీటితో పైపైన కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి పెడితే అప్పటివరకు చేసిన పనంతా వృథా అవుతుంది.

దీనికున్న ప్రధానమైన లోపం ప్రభావం ఎక్కువ కాలం నిలవకపోవడం. ఒకటి రెండు రోజుల్లో దురద తిరిగి రావచ్చు. అలాగని రోజూ స్నానం చేయించడానికి లేదు. దురద ఎక్కువగా ఉన్న దశలో వారానికి ఒకటి రెండుసార్లు, కుదుటపడ్డాక రెండు మూడు వారాలకొకసారి సరిపోతుంది. చాలా ఒత్తు బొచ్చున్న జాతులకు ఇది శ్రమతో కూడిన పనే. లోపలి బొచ్చు తడిగా మిగిలిపోతే ఆ తేమలోనే కొత్త పుండు మొదలవుతుంది కనుక అటువంటి కుక్కకు ఒళ్లంతా నానబెట్టడం కన్నా ఓట్స్ నీటిలో ముంచిన గుడ్డను దురద ఉన్న చోట పది నిమిషాలు వేసి ఉంచడం మంచిది. ఓట్స్ పడని కుక్కలు కూడా అరుదుగా ఉంటాయి. స్నానం తరువాత ఎర్రదనం పెరిగితే మళ్లీ ప్రయత్నించకూడదు.

కలబంద, కొబ్బరినూనె: చిన్న చోటుకు మాత్రమే

ఈ రెండింటినీ ఓట్స్‌కు ప్రత్యామ్నాయాలుగా చూడటం సరికాదు. ఓట్స్ ఒంటికంతటికీ పనికివస్తుంది, ఇవి అరచేయంత చోటుకు పనికివస్తాయి. కలబంద గుజ్జు దాదాపు అంతా నీరే కనుక తాకగానే చల్లదనం ఇస్తుంది. గోకి గోకి ఎర్రబడి వేడెక్కిన చోట, చర్మం చిట్లకుండా ఉంటే ఇది నూనె కన్నా ఎంతో నయం. చిక్కంతా ఆకులోనే ఉంది. పచ్చని తొక్కకూ లోపలి పారదర్శకమైన గుజ్జుకూ మధ్య పసుపు రంగు పాలు కారుతుంది. అందులోని అలోయిన్ కడుపులోకి పోతే కుక్కకు వాంతులు, విరేచనాలు అవుతాయి. కోసిన ఆకును కాసేపు నిలబెట్టి ఆ పాలు కారిపోనిచ్చి, తొక్కను మందంగా చెక్కి, గుజ్జును కడిగి వాడాలి. ఆరేదాకా కుక్కను నాకనివ్వకూడదు. సీసాల్లో వచ్చే జెల్‌లో ఆల్కహాల్, సువాసనలు ఉంటే అవి చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి.

కొబ్బరినూనెది మరో కథ. ఇది చర్మానికి తేమను ఇవ్వదు, ఉన్న తేమ ఆవిరైపోకుండా మూత వేస్తుంది. కాబట్టి ఎండిన చర్మానికి నేరుగా రాయడం కన్నా, తడి గుడ్డతో అద్దిన వెంటనే పలుచగా రాయడంలో అర్థం ఉంది. దీని అసలైన స్థానం బొచ్చు లేని చోట్లు: బీటలువారిన పాదాల మెత్తలు, గరుకెక్కిన ముక్కు పైభాగం, నేల మీద పడుకుని గట్టిపడిన మోచేతులు. అక్కడ రాత్రిపూట వేలికొనతో పలుచగా రాసి, నాకకుండా పదిహేను నిమిషాలు ఆటలో పెడితే ఫలితం కనిపిస్తుంది. ఒళ్లంతా రాస్తే బొచ్చు జిడ్డై దుమ్ము పట్టడం తప్ప లాభం లేదు. నేనొకసారి అలాగే ఉదారంగా రాసి, మా కుక్క దాన్ని శ్రద్ధగా నాకి, మర్నాడంతా విరేచనాలతో తిరగడం చూశాక చెంచా కొలత మీద నాకు గౌరవం పెరిగింది. క్లోమగ్రంథి వాపు ఒకసారి వచ్చిన కుక్కలకు, ఊబకాయం ఉన్నవాటికి ఇంత కొవ్వు చిన్న విషయం కాదు. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లం సూక్ష్మజీవులను అణచగలదని ప్రచారం చేస్తారు. ప్రయోగశాలలో అది నిజమే. జిడ్డు, వాసన ఉన్న చర్మం మీద మాత్రం కథ వేరు. మలాసీజియా కొవ్వును ఆహారంగా వాడుకునే జీవి కనుక అక్కడ ఏ నూనే రాయకూడదు. వేపనూనె కూడా ఇంతే. దాని ఘాటు, చేదు వల్ల పలుచన చేయకుండా వాడితే చర్మం మండుతుంది, నాకితే వాంతులవుతాయి.

వెనిగర్ ఎప్పుడు, ఎందుకు కాదు

ఆపిల్ సైడర్ వెనిగర్‌ను పొడి చర్మానికి సూచించేవారు చాలామంది ఉన్నారు, కానీ నా లెక్కలో అది సరైన జోడీ కాదు. వెనిగర్‌లో సుమారు 5 శాతం అసిటిక్ ఆమ్లం ఉంటుంది. అది ఈస్ట్‌ను, కొన్ని బాక్టీరియాలను అణచగలదు. పశువైద్యులు రాసిచ్చే కొన్ని చర్మపు తుడుపు గుడ్డల్లో, చెవి మందుల్లో 2 శాతం అసిటిక్ ఆమ్లం, 2 శాతం బోరిక్ ఆమ్లం కలిపి ఉండటం ఇందుకే. అంటే దీని చోటు జిడ్డుగా, వాసనగా ఉన్న చర్మం మాత్రమే. ఒక పాలు వెనిగర్‌కు కనీసం రెండు పాళ్లు నీరు కలిపి, పాదాల వేళ్ల సందులను, చర్మపు ముడతలను తుడిచి ఆరబెట్టవచ్చు. పొట్టు రాలే పొడి చర్మానికి రాస్తే మరింత ఎండుతుంది. గోకి చిట్లిన చోట పడితే మంట భరించలేక కుక్క ఆ సీసాను చూసినా పారిపోతుంది. కంటి దగ్గర, చెవి లోపల ఇంట్లో కలిపినది పోయడం అసలే వద్దు. చెవిగూబ చిల్లుపడి ఉంటే ఆ ద్రవం లోపలికి చేరి హాని చేస్తుంది.

వంటసోడా ముద్ద గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది క్షార గుణం కలది, పొడి చర్మాన్ని ఇంకా పొడి చేస్తుంది, ఎక్కువగా నాకితే రక్తంలో లవణాల సమతూకం దెబ్బతింటుంది. చామోమిల్ పూల కషాయాన్ని పూర్తిగా చల్లార్చి గుడ్డతో అద్దితే హాని లేదు, కాసేపు హాయిగా ఉంటుంది. ఆ హాయిలో సగం చల్లని తడిగుడ్డదే అని నా అనుమానం. నిజానికి ఏమీ కలపని చల్లని నీటితో ఐదు నిమిషాలు అద్దడం, బయట తిరిగి వచ్చాక పాదాలు, పొట్ట కడిగి తుడవడం చాలా కుక్కలకు ఈ కషాయాలతో సమానంగా పనిచేస్తాయి. అలర్జీని రేపే పుప్పొడి, దుమ్ము చర్మం మీద నుంచి అలా కొట్టుకుపోతాయి.

లోపలి నుంచి: చేపనూనె

పైపూతలన్నీ గంటల్లోనో రోజుల్లోనో పనిచేస్తే, చేపనూనె నెలల్లో పనిచేస్తుంది. అందువల్ల దీన్ని ఓట్స్‌తో పోటీ పెట్టకూడదు, జత చేయాలి. ఇందులోని ఇపిఏ, డిహెచ్ఏ అనే ఒమేగా-3 ఆమ్లాలు కణాల పొరల్లో చేరి, వాపును పెంచే రసాయనాల తయారీని క్రమంగా తగ్గిస్తాయి. 8 నుంచి 12 వారాలు క్రమం తప్పకుండా ఇస్తే తప్ప ఫలితం గురించి మాట్లాడటానికి లేదు. రెండు వారాలు చూసి మానేసేవారు మొదలుపెట్టకపోయినా ఒకటే. చర్మం కోసం సూచించే మోతాదు సాధారణంగా కిలో శరీర బరువుకు ఈ రెండు ఆమ్లాలూ కలిపి 50 నుంచి 100 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ చాలామంది సీసా పైనున్న పెద్ద అంకెను చూసి మోసపోతారు. 1,000 మిల్లీగ్రాముల మామూలు చేపనూనె గుళికలో ఇపిఏ, డిహెచ్ఏ కలిపి సుమారు 300 మిల్లీగ్రాములే ఉంటాయి. అంటే 10 కిలోల కుక్కకు తక్కువ మోతాదైన 500 మిల్లీగ్రాములు అందాలన్నా దాదాపు రెండు గుళికలు పడతాయి. పావు మోతాదుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచితే విరేచనాలు రావు. రక్తం గడ్డకట్టే గుణాన్ని ఇది కొంత తగ్గిస్తుంది కనుక శస్త్రచికిత్సకు ముందు, లేదా ఇతర మందులు నడుస్తున్నప్పుడు పశువైద్యుడికి తప్పక చెప్పాలి.

చేపనూనె స్థానంలో కాడ్ లివర్ నూనె ఇవ్వడం తెలియక చేసే పొరపాటు. అది చేప కాలేయం నుంచి తీసినది, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువ. చర్మానికి కావలసినంత ఒమేగా-3 అందేలా ఇస్తే ఆ విటమిన్లు హద్దు మీరతాయి. అవిసెనూనె మేలే కానీ, అందులోని ఒమేగా-3ను ఇపిఏగా మార్చుకునే శక్తి కుక్క ఒంటికి తక్కువ. కాబట్టి దురదకు దాన్ని చేపనూనెతో సమానంగా లెక్కించలేము. కొబ్బరినూనెను తినిపించడం ఇంకా వెనుకబడిన ఎంపిక, ఎందుకంటే అందులో ఒమేగా-3 దాదాపు లేదు, కొవ్వు మాత్రం ఉంది. ఏ నూనె అయినా మూత తీశాక చల్లని చోట దాచాలి. ముక్కిన వాసన వస్తే పారేయాలి.

మరి ఎవరికి ఏది

పొట్టు రాలుతూ, వాసన లేకుండా, చర్మం చిట్లకుండా ఉన్న కుక్కకు మొదట స్నానాల సంఖ్య తగ్గించి, షాంపూ మార్చి, పది రోజులకొకసారి ఓట్స్ నీరు పోస్తూ, అదే రోజు నుంచి చేపనూనె మొదలుపెట్టాలి. ఇంట్లో గాలి బాగా పొడిగా ఉంటే తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడటం ఏ నూనె కన్నా ఎక్కువ పనిచేస్తుంది. పాదాలు నాకుతూ చంకలు ఎర్రబడిన కుక్కకు రోజూ చల్లని నీటి తుడుపు, వారానికొక ఓట్స్ స్నానం, ఎర్రబడిన చిన్న చోట్ల కలబంద సరైనవి. అయితే ఇక్కడ ఇవి బాధను తగ్గిస్తాయే గానీ అలర్జీని తీయవు. తోక మొదట్లో గోకే కుక్కకు ఇవేవీ మొదటి మందు కావు. ముందు ఫ్లీల మందు, పరుపులు వేడినీటిలో ఉతకడం, ఇల్లంతా వాక్యూమ్ చేయడం జరగాలి. మెడ మీద చుక్కలుగా వేసే మందు వాడేటట్టయితే, వేయడానికి రెండు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరువాత దాకా స్నానం ఆపడం చాలా రకాల మందులకు అవసరం, లేకపోతే మందు కొట్టుకుపోతుంది. జిడ్డు, వాసన ఉన్నచోట పలుచన చేసిన వెనిగర్ తుడుపును ఒక వారం ప్రయత్నించవచ్చు, తగ్గకపోతే ఆపైన ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి.

ఏ పరిస్థితిలోనూ ఎంచుకోకూడనివి కొన్ని ఉన్నాయి. టీ ట్రీ నూనె సహజమైనదే, కానీ చిక్కని నూనె కొన్ని చుక్కలు చర్మం మీద పడ్డా కుక్క చొంగ కారుస్తూ, వణుకుతూ, కాళ్లు నిలదొక్కుకోలేని స్థితికి రావచ్చు. 2002 నుంచి 2012 వరకు అమెరికాలో నమోదైన ఇటువంటి 443 కేసుల్లో 337 కుక్కలవే. పురుగులు పోతాయని వెల్లుల్లి తినిపిస్తే ఎర్ర రక్తకణాలు నశిస్తాయి. గజ్జికి కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం పాత అలవాటు. అది చర్మాన్ని కాల్చి, నాకినప్పుడు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కాలమైన్, డైపర్ క్రీముల్లోని జింక్ నాకితే విషమవుతుంది.

ఏది ఎంచుకున్నా ఒకసారికి ఒక పైపూతనే, ముందు రూపాయి బిళ్లంత చోట రాసి ఒక రోజు ఆగి చూశాక వాడాలి. రోజూ రాత్రి ఆ రోజు గోకుడుకు సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి రాసుకోవాలి. ఆ అంకె మూడు వారాల్లో తగ్గకపోయినా, ఈలోగా పుండు, చీము, బొచ్చు ఊడిన మచ్చ, చెవి వాసన, నిద్రపట్టనంత దురద కనిపించినా, లేక అది నెలల పిల్ల అయినా, ఇంటి మందు ఆపి పశువైద్యుడికి చూపించాలి. తడితడిగా, గంటల్లో పెరిగే ఎర్రని పుండు కనిపిస్తే మూడు వారాలు కాదు, మూడు రోజులు కూడా ఆగకూడదు. వెళ్లే ముందు కుక్కను శుభ్రంగా కనిపించాలని స్నానం చేయించడం, నూనె రాయడం మాత్రం వద్దు. చర్మం మీద టేపు అంటించి, గీరి తీసే నమూనాల్లో ఈస్ట్, బాక్టీరియా, గజ్జి పురుగు దొరకాలంటే అవి అక్కడ ఉండాలి కదా. వీలైతే మూడు నాలుగు రోజుల ముందే అన్ని పైపూతలూ ఆపి, ఆ అంకెల కాగితాన్నీ, వాడిన ప్రతి పదార్థం పేరునూ వెంట తీసుకువెళ్లాలి.